తోటలో ఇసుకరాయి పరిపించొచ్చా, తాండూరు బండే నయమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. శంకర్‌పల్లి వైపు కొత్త ఇల్లు, ముందు సుమారు 600 చదరపు అడుగుల ఖాళీ, ఒక మూల పెద్ద వేపచెట్టు, గుమ్మానికి ఎదురుగా తులసికోట. నడవడానికీ, సాయంత్రం కుర్చీలేసుకుని కూర్చోవడానికీ రాజస్థాన్ ఇసుకరాయి వేయిద్దామనుకుంటున్నారు. సీలర్, అంటే రాయిలోకి నీళ్ళూ మరకలూ దిగకుండా పూసే ద్రవం, కొట్టకపోతే రాయి పాడైపోతుందని షాపతను అంటున్నాడు. అవన్నీ ఎందుకు, ఆర్నెల్లకోసారి యాసిడ్ పెట్టి కడిగితే చాలని మేస్త్రీ అంటున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి, అసలు మన ఎండావానలకు ఈ రాయి ఆగుతుందా అని అడిగారు.

ఆగుతుంది, నిక్షేపంగా వేసుకోండి. కాకపోతే 600 అడుగులకీ అదే రాయి వేయొద్దు. తులసికోట చుట్టూ, గేటు ముందు ముగ్గేసే చోట, కారు ఎక్కే చోట వేరే రాయి పెట్టండి. యాసిడ్ మాత్రం ఎప్పటికీ వద్దు. సీలర్ అవసరమైతే తర్వాత చూసుకోవచ్చు, మొదటి ఏడాది మాత్రం కొట్టకండి. సీలర్‌కి పెట్టాలనుకున్న డబ్బు రాయి కింద వేసే మొరం, మాలు పొరలకీ, నీళ్ళు జారే వాటానికీ పెట్టండి. తోటలో రాళ్ళు పరిపించే పని నాది. పాడైన బండల నేల చూడమని పిలిస్తే వెళ్ళి ఒక బండ లేపి చూస్తాను. ఎక్కువసార్లు రాయి బాగానే ఉంటుంది, దాని కింద నీళ్ళు నిలిచి ఉంటాయి.

ముందు ఈ రాయి సంగతి. ఇసుకరాయి అంటే ఇసుక రేణువులు ఏదో ఒక జిగురుతో అతుక్కుని గట్టిపడ్డ రాయి. రేణువులు చాలావరకు స్ఫటికమే (క్వార్ట్జ్, అంటే సిలికా) కాబట్టి వాటికి ఏమీ కాదు. రాయి మన్నిక అంతా ఆ జిగురు మీద ఉంటుంది. సిలికా అయితే రాయి మొండిది. సున్నం అయితే యాసిడ్‌కి కరుగుతుంది. బంకమట్టి పాలు ఎక్కువైతే నాలుగు వానలకే పొరలు లేస్తుంది. ఎరుపూ గోధుమా రంగులు ఇనుము వల్ల వచ్చినవి, ఈ ఇనుము సంగతి మళ్ళీ యాసిడ్ దగ్గర వస్తుంది. ఇసుకరాయి మనకు కొత్తదేం కాదు. 1213లో మొదలైన రామప్ప గుడి ఇసుకరాయిదే, అలంపురం నవబ్రహ్మ ఆలయాలూ అంతే. కాబట్టి మన వానలకు ఆగదని ఎవరైనా అంటే నమ్మకండి. అయితే గుడి గోడ మీద పడ్డ నీరు జారిపోతుంది, నేల మీద పరిచిన బండ మీద నిలుస్తుంది. మన తిప్పలన్నీ అక్కడే.

ఇంకో మాట. యూట్యూబ్‌లో ఇసుకరాయి గురించి చూసే వీడియోల్లో చాలా భాగం బ్రిటన్‌వి. అక్కడ ఇళ్ళ వెనక పరిచే ఇసుకరాయి ఎక్కువగా మన రాజస్థాన్‌దే, కానీ వాళ్ళ బాధలు వేరు. రాయిలో చేరిన నీరు చలికి గడ్డకట్టి రాయిని చీల్చడం వాళ్ళకు పెద్ద సమస్య, మనకు ఆ భయమే లేదు. మనకున్నవి మే నెల ఎండ, జూలై నుంచి పాచి, బోరు నీళ్ళలోని ఉప్పు, ఇంకా పసుపు, నూనె, రంగులు. అందుకే వాళ్ళ సలహాలన్నీ ఉన్నవున్నట్టు పాటించకండి.

తాండూరా, ఇసుకరాయా?

తాండూరు, షాబాద్, కడప, బేతంచెర్ల, కోట, ఇవన్నీ సున్నపురాళ్ళు. నాపరాళ్ళంటాం కదా, అవే. దగ్గరలో దొరుకుతాయి, చవక, మన మేస్త్రీలకు చేయి తిరిగిన రాళ్ళు. శంకర్‌పల్లికి తాండూరు ఎంత దూరమో మీకు తెలిసిందే, రవాణా ఖర్చు బాగా తగ్గుతుంది. గరుకు తాండూరు బండ తోటలో బాగానే ఉంటుంది. అయితే ఇంటి లోపల వేసే పాలిష్ తాండూరు బయట వేస్తే వానాకాలంలో పెద్దవాళ్ళు జారిపడతారు. కడప నల్లరాయి చూడ్డానికి అందమే, కానీ ఏప్రిల్ మధ్యాహ్నం దాని మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేసి చూడండి.

ఇసుకరాయికి ఉన్న అసలు సుగుణాలు రెండు. లేతరంగు రకాలు అంతగా కాలవు. సహజంగా చీల్చిన ముఖం గరుకుగా ఉంటుంది కాబట్టి తడిలో పట్టు దొరుకుతుంది. ఇక దాని లోపం, పీల్చుకునే గుణం. నీళ్ళే కాదు, నూనె, పసుపు, నేరేడుపండు రసం, ఏది పడితే అది లోపలికి లాక్కుంటుంది. మీ ఇంట్లో రోజూ కళ్ళాపి, సంక్రాంతికి రంగుల ముగ్గులు ఉంటే ఆ చోటుకి ఇసుకరాయి పనికిరాదు. తులసికోట చుట్టూ మూడడుగుల మేర మంటతో గరుకు చేసిన గ్రానైట్ పెట్టండి, ఫ్లేమ్డ్ అని అడిగితే ఇస్తారు. లేత ఇసుకరాయికి నల్ల అంచులా అందంగానూ ఉంటుంది, దీపం నూనె ఒలికినా అంత భయం లేదు.

రాళ్ళ యార్డులో ఏం చూడాలి

షోరూంలో పెట్టిన నమూనా ముక్క చూసి కొనకండి. యార్డుకెళ్ళండి, ఓ సీసాలో నీళ్ళు పట్టుకెళ్ళండి. బండ మీద నీళ్ళు పోసి చూస్తే రెండు సంగతులు తెలుస్తాయి. తడిసినప్పుడు రంగు ఎలా మారుతుందో కనబడుతుంది, కొన్ని బూడిదరంగు రాళ్ళు తడిస్తే దాదాపు నల్లబడతాయి. రెండోది, పోసిన నీరు ఎంతసేపు పైన నిలుస్తుందో. క్షణాల్లో పీల్చేసుకుంటే ఆ రాయి నాకొద్దంటాను. నీళ్ళు కాసేపు ఆగి నెమ్మదిగా ఇంకాలి.

అంతకన్నా నమ్మకమైన పద్ధతి, చేతిలో పట్టే ముక్క ఒకటి ఇంటికి తెచ్చుకోవడం. రెండు రోజులు బాగా ఎండబెట్టి వంటింటి కాటా మీద తూచండి. బకెట్ నీళ్ళలో ఒక రోజంతా నానబెట్టి, పైతడి గుడ్డతో తుడిచి మళ్ళీ తూచండి. కిలో ముక్క పాతిక గ్రాములకు మించి బరువు పెరిగితే పక్కన పెట్టేయండి. ఇసుకరాతి పలకలకున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 3622 కూడా బరువులో రెండున్నర శాతం కన్నా ఎక్కువ నీరు పీల్చకూడదనే అంటుంది. ప్రయోగశాలలో చేసే పరీక్ష ఇంకా పద్ధతిగా ఉంటుంది గానీ, మన అవసరానికి ఇది చాలు.

తర్వాత బండను నిలబెట్టి సుత్తి పిడితో కొట్టండి. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల పగులున్నా పొర విడిపోయినా మొద్దు శబ్దం వస్తుంది. పక్క అంచు చూడండి, పుస్తకం పేజీల్లా పొరలు కనబడి గోటితో గీరితే రాలుతుంటే అది పరుపుకి పనికిరాదు. అంచును కాస్త గీరి ఆ పొడి మీద నిమ్మరసం పిండండి. బుసబుసమని పొంగితే అందులో సున్నం ఉందన్నమాట. ఇసుకరాయి పేరుతో సున్నపురాయి అంటగట్టే వాళ్ళూ ఉన్నారు, అది కూడా దీంతో బయటపడుతుంది.

రంగుల పేర్లు ఒక్కో షాపులో ఒక్కో రకంగా చెప్తారు, వాటి వెంట పడకండి. ధోల్‌పూర్ లేత గోధుమ, మండానా ఎరుపు, జోధ్‌పూర్ రాళ్ళు ఎక్కువ కనిపిస్తాయి. మింట్ అని తెల్లటి రాయి ఒకటి వస్తుంది, దాని మీద ఫెర్న్ ఆకుల్లాంటి నల్ల గుర్తులుంటాయి. శిలాజాలని చెప్పి అమ్ముతారు, నిజానికి అవి మాంగనీసు, ఇనుము ఖనిజాలు గీసిన గీతలు. అందంగానే ఉంటుంది, నాకూ ఇష్టమే, కానీ తెల్లటి రాళ్ళలో ఇనుము ఉంటే తడి తగిలే కొద్దీ తుప్పు మరకలు తేలతాయి. చెట్టు నీడలో, స్ప్రింక్లర్ పక్కన మింట్ వేయించకండి. మీ చోటుకి లేత గోధుమ, ముదురు గోధుమ కలిసిన రకం నయం, వేపాకు రాలినా మట్టి పడినా ఎత్తి చూపదు.

మందం నడవడానికి అంగుళం నుంచి అంగుళంపావు చాలు. కారు ఎక్కే చోట వేరే రాయే మేలు, ఇదే వేయాలనుకుంటే రెండంగుళాలు, అదీ కింద కాంక్రీటు ఉంటేనే. అంగుళం మందపు బండ చదరపు అడుగుకి సుమారు ఐదున్నర కిలోలు తూగుతుంది. మొత్తం 600 అడుగులకి లెక్కేస్తే మూడు టన్నుల పైనే దిగుతుంది కాబట్టి ఎక్కడ దింపాలో ముందే చూసుకోండి. బండల్ని పడుకోబెట్టి పేర్చొద్దు, కట్టెల మీద నిలబెట్టి ఆనించాలి. అమర్చేటప్పుడు ఒకే కట్టలోంచి వరసగా తీయకుండా మూడు నాలుగు కట్టల్లోంచి కలిపి తీయమనండి, లేకపోతే రంగు పట్టీలు పట్టీలుగా కనబడుతుంది.

అసలు పని రాయి కింద

మట్టి తవ్వి, మొరం పోసి, తడిపి, దిమ్మిసతో గాని ప్లేట్ కాంపాక్టర్‌తో గాని గట్టిచేశాక నాలుగంగుళాలు నిలవాలి. దాని మీద మూడంగుళాల పీసీసీ, అంటే కడ్డీలు లేని ఉత్త కాంక్రీటు, వేయించుకుంటే ఇంకా మంచిది. ఆ పైన అంగుళంన్నర మాలు, సిమెంటు ఒక పాలుకి ఇసుక ఐదు పాళ్ళు.

మాలు బండ కింద మొత్తం పరచాలి. నాలుగు మూలలా, మధ్యలో ఒకటి ముద్దలు పెట్టి బండ కూర్చోబెట్టే అలవాటు కొందరికి ఉంది. పని త్వరగా అవుతుంది, లెవెల్ సులువుగా కుదురుతుంది. కానీ ముద్దల మధ్య డొల్లలో నీరు చేరి బయటికి పోదు. వాన వెలిశాక మిగతా బండలు ఆరిపోయినా, ఆ ముద్దలున్న చోట ఐదు మచ్చలు పాచికల మీద చుక్కల్లా తేలి కనబడుతుంటాయి. వాటిని ఏ కెమికల్‌తో కడిగినా పోవు, బండ లేపాల్సిందే. పని జరుగుతున్నప్పుడే పక్కన నిలబడి, కూర్చోబెట్టిన బండల్లో ఒకటి రెండు లేపి చూపించమనండి. వెనకంతా మాలు అంటుకుని ఉండాలి. వెనక వైపు మిషన్ కోతతో నున్నగా ఉన్న రాళ్ళయితే, పెట్టేముందు చిక్కటి సిమెంటు పాలు ఆ వెనక వైపు పూయించండి, లేకపోతే అంటుకోదు.

వాటం ఇంటి గోడ నుంచి బయటికి ఉండాలి. గరుకు రాయికి పదడుగులకు రెండంగుళాలు దించమంటాను. ఎక్కువనిపిస్తుంది గానీ, కుర్చీ వేసుకుంటే తేడా తెలియదు. నీళ్ళు ఎక్కడికి పోవాలో మొరం పోయకముందే తేల్చుకోండి. పూలపాదుకు మళ్ళిస్తే మేలు. బండల మట్టం ఇంటి గచ్చు కన్నా ఆరంగుళాలు కిందుండాలి, లేదంటే గోడలకు చెమ్మ ఎక్కుతుంది.

సందులు పావంగుళం నుంచి అరంగుళం వదలండి. రాళ్ళు ఆనించి పెడితే శుభ్రంగా ఉంటుందనుకుంటారు, వేసవిలో వ్యాకోచించడానికి చోటు లేక అంచులు పెచ్చులూడతాయి. సందులు నింపేటప్పుడు సిమెంటు పాలు బండల మీద పోసి చీపురుతో లాగేస్తామంటారు. ఒప్పుకోకండి. తాండూరు బండ మీద అయితే తర్వాత గీకొచ్చు, ఇసుకరాయి రంధ్రాల్లోకి దిగిన సిమెంటు ఇక రాదు. కాస్త తడిగా, ముద్ద కట్టేంత మాలు సన్న తాపీతో సందులో కూరి, అంటినదాన్ని అప్పటికప్పుడే తడి స్పాంజితో తుడవాలి. కూలీ ఎక్కువవుతుంది, నిజమే.

బండలు కోసేటప్పుడు కట్టర్ మీద నీళ్ళు పడుతూ ఉండేలా చూడండి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. ఇసుకరాయి ధూళి అంటే స్ఫటిక ధూళి, ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి నయం లేదు. రాజస్థాన్ గనుల్లో ఈ జబ్బుతో ఎంతమంది పోయారంటే, 2019లో ఆ రాష్ట్రం దీని కోసమే ఒక విధానం తేవాల్సి వచ్చింది. మీ గేటు ముందు పొడిగా కోస్తూ మూతికి తువ్వాలు చుట్టుకున్న కుర్రాడికి ఆ తువ్వాలు ఏమాత్రం కాపు కాదు.

తెల్లగా తేలే ఉప్పు, ఆ తర్వాత యాసిడ్

పరిచిన కొన్ని వారాలకు బండల మీద తెల్లటి పొడి తేలుతుంది. కంగారు పడకండి. సిమెంటులోని, ఇసుకలోని, బోరు నీళ్ళలోని లవణాలు నీటితో పాటు పైకొచ్చి ఎండలో మిగిలిపోతాయి. ఎండిన బ్రష్షుతో రుద్ది ఊడ్చేయండి. అప్పుడే నీళ్ళతో కడిగితే కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. ఒక వానాకాలం గడిస్తే చాలావరకు తగ్గిపోతుంది. మాలు కలపడానికి మంచి నీళ్ళ ట్యాంకర్ తెప్పించుకుంటే ఈ బాధ ముందే తగ్గుతుంది.

మేస్త్రీ యాసిడ్ తెచ్చేది సరిగ్గా ఈ తెలుపు చూసే. పోసిన వెంటనే రాయి మెరిసిపోతుంది, అందరూ సంతోషిస్తారు. కొన్నాళ్ళకు రాయిలోని ఇనుము కరిగి పైకొచ్చి పసుపు, నారింజ రంగు మచ్చలు పడతాయి. లేత రాళ్ళయితే ఇంకా దారుణం. ఆ మచ్చలు పోగొట్టడానికి మళ్ళీ యాసిడ్ పోసినవాళ్ళని చూశాను, అది ఇంకా పెరిగింది. సందుల్లోని మాలు కూడా యాసిడ్‌కి కరిగి గుల్లవుతుంది. టాయిలెట్ క్లీనర్లూ యాసిడే అని పనిమనిషికి కూడా చెప్పి ఉంచండి.

సీలర్ సంగతి

షాపతను పూర్తిగా తప్పు చెప్పలేదు. లోపలికి ఇంకే రకం సీలర్, అంటే సైలేన్, సైలాక్సేన్ రకం, నీళ్ళూ వాటితో వచ్చే మరకలూ దిగే వేగాన్ని తగ్గిస్తుంది, రాయి ఊపిరి ఆపదు. పైన పొరలా పట్టే అక్రిలిక్ రకం, వెట్ లుక్ పేరుతో అమ్మేది, మన దగ్గర వద్దు. కింది తడి పైకి రాలేక పొర కింద తెల్లగా మబ్బు కడుతుంది, రెండేళ్ళలో పొలుసులు లేస్తుంది, పైగా వానలో జారుతుంది. ఏ రకమైనా ఉప్పు తేలడం పూర్తిగా ఆగాక, రాయి ఎముకలా ఎండాకే కొట్టాలి. ఎండిందో లేదో తెలియాలంటే ఒక పాలిథిన్ ముక్క బండ మీద పరిచి అంచులకు టేపు వేసి ఒక రోజు ఉంచండి. అడుగున చెమ్మ పడితే ఇంకా ఆగాలి. మీరు ఈ వేసవిలో పరిపిస్తే వచ్చే ఏడాది మార్చిలో ఆలోచించండి. అదీ కుర్చీలేసుకుని తినే తాగే చోటుకే, నడిచే దారికి అక్కర్లేదు.

రోజువారీ

ఊడవడమే పెద్ద పని. ఆకు తడిసి బండ మీద పడి ఉంటే గోధుమ మరక దిగుతుంది. బాదం, టేకు ఆకులు ఈ విషయంలో చాలా చెడ్డవి, వేపాకు ఫర్వాలేదు. వేపపళ్ళు రాలే రోజుల్లో మాత్రం రోజూ ఊడవాలి, ఆ జిగురు గుజ్జు కాళ్ళకింద నలిగితే నల్లటి జిడ్డవుతుంది. వేపచెట్టు మొదలు చుట్టూ కనీసం మూడడుగులు వదిలేసి గులకరాళ్ళు పోయించండి. వేర్లకు నీరందుతుంది, రేపు వేరు లావెక్కినా బండలు లేవవు.

పాచి వానాకాలంలో నీడపట్టున తప్పదు. బ్లీచింగ్ పౌడర్ బకెట్‌లో కలిపి, తేరనిచ్చి, పైతేట మాత్రమే పోయండి. అడుగు మడ్డి పోస్తే తెల్లగా పేరుకుంటుంది. పావుగంట ఆగి గట్టి ప్లాస్టిక్ బ్రష్షుతో రుద్ది బాగా నీళ్ళు కొట్టండి. మొక్కల పాదుల్లోకి పోనీయొద్దు. ఇనుప తీగ బ్రష్షు వాడకండి, ఊడిన తీగ ముక్కలు సందుల్లో తుప్పు పడతాయి. బ్లీచింగ్‌నీ యాసిడ్‌నీ ఒకేచోట ఎప్పుడూ కలపొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది.

ప్రెషర్ వాషర్ ఉంటే వెడల్పాటి నాజిల్‌తో, అడుగు దూరం నుంచి, ఏటవాలుగా. దగ్గర పెట్టి సందుల వెంట కొడితే మాలు లేచిపోతుంది, రాయి ముఖం మీద రేణువులు ఊడి గరుకెక్కి ఆ తర్వాత పాచి రెట్టింపు పడుతుంది.

నూనె ఒలికితే తుడవకుండా వెంటనే ముగ్గుపిండి గాని పౌడర్ గాని చల్లండి, పీల్చనివ్వండి. పాత మరకకు ముల్తానీ మట్టిలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి ముద్దలా పట్టించి, పైన పాలిథిన్ కప్పి ఒక రోజు ఉంచి గీకేయాలి, రెండు మూడుసార్లు పట్టొచ్చు. పసుపుకి సబ్బు పెట్టకండి, ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే. వట్టి నీళ్ళతో కడిగి వదిలేస్తే ఎండకి అదే వెలిసిపోతుంది. కుంకుమ, ముగ్గు రంగులు అంత తేలిగ్గా పోవు, అందుకే గేటు ముందు వేరే రాయి పెట్టమంది. ఇనుప కుర్చీల కాళ్ళకు రబ్బరు తొడుగులు వేయండి. లాన్‌కి ఇనుము ఉన్న ఎరువు చల్లితే బండల మీద పడ్డ గుళికల్ని తడపకముందే ఊడ్చేయండి, తడిస్తే ఒక్కో గుళిక చోట ఒక్కో తుప్పు చుక్క.

లెక్క కన్నా పది శాతం ఎక్కువ రాయి కొనండి. కోతల్లో పోగా మిగిలిన బండలు పారేయకుండా ఇంటి వెనక వానకీ ఎండకీ వదిలేయండి. ఎప్పుడైనా ఒకటి మార్చాల్సొస్తే అప్పటికి అవీ అదే రంగుకి మాగి ఉంటాయి. అదే గని రాయి మూడేళ్ళ తర్వాత అదే రంగులో దొరకడం కష్టం.

మీ నేల ఎర్రదా, నల్లరేగడా అన్నది రాయలేదు. నల్లరేగడి అయితే పైన చెప్పిన నాలుగంగుళాల మొరం చాలదు, వానకి ఉబ్బి ఎండకి బీటలిచ్చే మట్టి అది. అడుగున్నర దాకా తీసేసి మొరం నింపాల్సి రావచ్చు, ఖర్చు లెక్క మారిపోతుంది. ఒక గుంట తవ్వించి ఫొటో పెట్టండి, వాటం ఎటు ఇవ్వాలనుకుంటున్నారో కూడా రాయండి, చూసి చెప్తాను.